ఇంజనీరు కాలేదు... డాక్టరుగా ఉండిపోలేదు!

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి అమ్మాయి ఒకతె తప్పకుండా ఉంటుంది. ఆర్నెల్లు వీణ నేర్చుకుంటానంటుంది. అది మూలన పడుతుంది. తర్వాత బొమ్మలేయడం అంటుంది. రంగులూ కుంచెలూ కొనిపెడితే రెండు నెలలకే అవి ఎండిపోతాయి. ఇంటర్లో బైపీసీ తీసుకుని, డిగ్రీకి వచ్చేసరికి కామర్స్ అంటుంది. అది పూర్తయ్యేలోపు మరొకటేదో మనసులో పడుతుంది. ఇక అమ్మ సణుగుడు మొదలు. దీనికి నిలకడ లేదు, ఏదీ పట్టుమని పూర్తి చెయ్యదు, చివరికి రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది అని. నాన్నగారు ఏమీ అనరు గానీ ఫీజు కట్టేటప్పుడు మొహం చిట్లిస్తారు. ఆ పిల్ల మాత్రం రాత్రి దుప్పటి ముసుగేసుకుని, నిజంగానే నాలో ఏదో లోపం ఉందా అని కుమిలిపోతూ ఉంటుంది.

సరిగ్గా అలాంటి పిల్లే నూటయాభై ఏళ్ల క్రితం ఇటలీలో ఒకామె ఉండేది. లెక్కలంది, ఇంజనీరింగంది. ఆ చదువు పూర్తవగానే కాదు, వైద్యం అంది. డాక్టరు పట్టా పుచ్చుకున్నాక పిచ్చాసుపత్రుల వైపు వెళ్లింది. అక్కణ్ణుంచి తత్వశాస్త్రమంది, మానవశాస్త్రమంది. నలభయ్యో ఏట ఉన్న ఉద్యోగమూ ప్రాక్టీసూ రెండూ వదిలేసింది. ఆవిడ పేరు మన ఊళ్లలో కూడా అడుగడుగునా బోర్డుల మీద కనిపిస్తుంది. పలకా బలపం పట్టే వయసు పిల్లల్ని పొద్దున్నే ఆటోలో ఎక్కించి పంపుతామే, ఆ బడుల బోర్డుల మీద! ఆవిడే మరియా మాంటిసోరి.

బోర్డు చూసినవాళ్లు కోట్లమంది. ఆ పేరు ఒక మనిషిదని, అందులోనూ ఒక స్త్రీదని, ఆ స్త్రీ మన మద్రాసులో ఏళ్ల తరబడి ఉండిందని తెలిసినవాళ్లు ఎంతమందో!

టీచరు మాత్రం కానంది

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీలో యాంకోనా దగ్గర కియారవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టింది. తల్లిదండ్రులకి ఒక్కతే సంతానం. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి, పాతకాలపు పద్ధతుల మనిషి. తల్లి రెనిల్డె మాత్రం పుస్తకాలంటే ప్రాణం పెట్టే ఇల్లాలు. ఆ రోజుల్లో ఇటలీలో ఆడవాళ్లలో చాలామందికి చదవడం, రాయడం కూడా వచ్చేది కాదు. అలాంటి కాలంలో రెనిల్డె చదువుకున్నావిడ. కూతురు ఏం చేస్తానన్నా వెనక నిలబడింది ఆ తల్లే. మరియాకి అయిదేళ్లొచ్చేసరికి, 1875లో, కుటుంబం రోమ్ నగరానికి వచ్చి స్థిరపడింది.

ఆడపిల్ల చదివితే గిదివితే టీచరు అవ్వాలి. అప్పటి ఇటలీలో అంతకుమించి దారి లేదు. అమ్మా నాన్నా అదే మాట చెప్పి చూశారు. ఈ పిల్ల ససేమిరా అంది. ఏదైనా అవుతాను గానీ టీచరు మాత్రం కానని మొండికేసింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మనకి దీనితో పని ఉంది!

పదమూడో ఏట, 1883లో, ఆమె సాంకేతిక పాఠశాలలో చేరింది. అది మగపిల్లల చదువు. లెక్కలు, సైన్సు, డ్రాయింగు... మంచి మార్కులతో గట్టెక్కింది. అక్కణ్ణుంచి 1886లో పైస్థాయి సాంకేతిక విద్యాలయానికి వెళ్లింది. ఇంజనీరు అవుతుందని ఇంట్లో అందరూ ఒక అభిప్రాయానికి వచ్చేశారు. తండ్రి కూడా తిట్టుకుంటూనే ఒప్పుకున్నారు. నాలుగేళ్లు గడిచాయి. 1890లో ఆ చదువు పూర్తయ్యింది. సరిగ్గా అప్పుడే మరియా ఇంట్లో బాంబు పేల్చింది. నాకు ఇంజనీరింగ్ వద్దు, నేను డాక్టరు అవుతాను అని!

ఆ ఇంట్లో ఆ రాత్రి ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవడం మనకేమీ కష్టం కాదు. ఏడేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరు అయినట్టే కదూ! పైగా వైద్యం! ఆడపిల్ల మగవాళ్ల మధ్య కూర్చుని శవాలు కోయడమా! తండ్రి గట్టిగా కాదన్నారు. విశ్వవిద్యాలయంలో పెద్దలు కూడా ఉత్సాహపరచలేదు. నేరుగా వైద్యంలో చేరడానికి దారి దొరక్కపోతే ఆమె పక్కదారి పట్టింది. ముందు ప్రకృతి శాస్త్రాల్లో చేరి, 1892లో ఆ పరీక్ష పాసై, అప్పుడు వైద్య విద్యలో అడుగుపెట్టింది.

ఎర్ర కాగితం ముక్క

కాలేజీలో ఆమెకి ఎదురైన అవమానాలు ఇన్నీ అన్నీ కావు. తోటి మగ విద్యార్థులు ఈసడించేవారు. నగ్న దేహాల ముందు మగవాళ్లతో కలిసి నిలబడటం ఆడదానికి తగదని, శవాలు కోసే పాఠం ఆమె ఒక్కదానికీ విడిగా, అందరూ వెళ్లిపోయాక పెట్టారు. చీకటి పడ్డాక, ఆ గదిలో, శవాలతో ఒక్కతే! ఆ మందుల వాసన భరించలేక సిగరెట్టు వెలిగించుకునేదట.

ఒక రోజు ఆమె వల్ల కాలేదు. ఇక ఇది కూడా వదిలేద్దాం, వేరే ఏదైనా చూసుకుందాం అనుకుంటూ బయటికి వచ్చేసింది. రోమ్‌లో పించో అనే పెద్ద పార్కు ఉంది. అందులో నడుస్తుండగా ఒక బిచ్చగత్తె కనబడింది. ఆమె పక్కన రెండు మూడేళ్ల పాప. తల్లి చెయ్యి చాస్తోంది. పాప మాత్రం ఈ లోకంలో లేదు. ఆ పిల్ల చేతిలో ఒక ఎర్ర కాగితం ముక్క ఉంది. దాన్ని మడుస్తోంది, విప్పుతోంది, చూస్తోంది. ఆకలి లేదు, చలి లేదు, పక్కన పోయే మనుషులు లేరు. అదొక్కటే లోకం. మరియా అక్కడే కాసేపు నిలబడిపోయి, ఎందుకో తనకే తెలియకుండా వెనక్కి తిరిగి కాలేజీకి వెళ్లిపోయిందని ఆవిడ జీవిత చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

అది అక్షరాలా అలాగే జరిగిందో లేదో గానీ, ఆ తర్వాత ఆమె వైద్య విద్యను మధ్యలో వదలలేదన్నది నిజం. 1896లో పట్టా పుచ్చుకుంది. ఇటలీలో మొట్టమొదటి మహిళా డాక్టరు ఆవిడేనని చాలాచోట్ల రాస్తుంటారు. అది పూర్తిగా నిజం కాదు. అంతకు ముందే పట్టా అందుకున్న స్త్రీలు కొందరున్నారు. కానీ వేళ్లమీద లెక్కపెట్టగలిగేంత కొద్దిమందిలో ఈవిడ ఒకరు. అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సదస్సుకి ఇటలీ తరఫున వెళ్లి, మగవాళ్లతో సమానమైన పని చేసే ఆడవాళ్లకి సమానమైన జీతం ఇవ్వాలని వేదిక మీద వాదించింది. అప్పటికి ఆమె వయసు ఇరవయ్యారు!

డాక్టరమ్మకి దొరికిన కొత్త దారి

ఇక హాయిగా ప్రాక్టీసు పెట్టుకుని పేరు తెచ్చుకోవచ్చు. చాలామంది అదే చేస్తారు. ఆమె ప్రాక్టీసు చేస్తూనే 1897లో రోమ్ విశ్వవిద్యాలయం మానసిక వైద్య విభాగంలో సహాయకురాలిగా చేరింది. ఆ పని మీద పిచ్చాసుపత్రులకి వెళ్లేది. అక్కడ పెద్దవాళ్లతో పాటు పిల్లల్ని కూడా గదుల్లో పెట్టి తాళం వేసేవారు. మందబుద్ధులని అప్పట్లో ముద్ర వేసిన పసివాళ్లు వాళ్లు. ఆ గదుల్లో ఆడుకోవడానికి ఒక్క వస్తువు కూడా ఉండేది కాదు. తిండి తిన్నాక నేల మీద పడిన రొట్టె ముక్కల్ని ఆ పిల్లలు ఏరుకుని, పిసికి, దొర్లించి ఆడేవారట. చూసేవాళ్లకి అది తిండి యావలా కనబడింది. ఈ డాక్టరమ్మకి మరోలా తోచింది. వీళ్లకి కావలసింది తిండి కాదు, చేతులకి ఏదో ఒక పని!

అంతే. ఆమె చూపు మందుల మీంచి చదువు మీదికి మళ్లింది. ఇటార్, సెగ్విన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఇలాంటి పిల్లల గురించి అంతకు ముందే రాసిన పుస్తకాలు వెతికి పట్టుకుంది. వాటిని తన భాషలోకి తెచ్చుకుంటూ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చేత్తో రాసుకుంది. ఒక్కో మాటా మనసులోకి ఇంకాలంటే అదే మార్గమని ఆవిడ నమ్మకం. ఏ పనీ పట్టుమని చెయ్యదని మనం అనుకునే మనిషి వందల పేజీలు చేత్తో ఎత్తి రాసిందంటే ఆలోచించండి!

1900లో ఇలాంటి పిల్లలకి చదువు చెప్పే టీచర్లను తయారుచేయడానికి రోమ్‌లో ఒక సంస్థ మొదలైంది. దానికి అనుబంధంగా పిల్లల బడి. మరియా, ఆమె తోటి డాక్టరు జుసెప్పే మోంటెసానో ఇద్దరూ దాన్ని నడిపారు. ఎందుకూ పనికిరారనుకున్న ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు రాసే పరీక్షలు రాసి పాసయ్యారు. ఊరంతా ఆశ్చర్యపోయింది. మరియాకి మాత్రం వేరే ప్రశ్న పుట్టింది. ఈ పిల్లలే ఇంతవరకు రాగలిగితే, అన్నీ బాగున్న మామూలు పిల్లలు ఎందుకు ఇక్కడే ఆగిపోతున్నారు? తప్పు పిల్లల్లో ఉందా, బడిలో ఉందా?

ఎవరికీ చెప్పుకోలేని దుఃఖం

ఇక్కడ ఆవిడ జీవితంలో ఒక మాట చెప్పకుండా దాటేయలేం. చాలా ఏళ్లు అందరూ దాటేశారు గనకే ఇప్పుడు చెప్పాలి.

మోంటెసానోతో ఆమెకి స్నేహం ప్రేమగా మారింది. 1898 మార్చి 31న ఆమెకి కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్లి కాలేదు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం వదులుకుని ఇంటిపట్టున ఉండాల్సిందే. అప్పటి లోకరీతి అది. పెళ్లి లేకుండా బిడ్డ ఉందని తెలిస్తే పరువూ పోతుంది, పనీ పోతుంది. ఏ దారిన పోయినా ఓడిపోవలసింది ఆడదే. బిడ్డను పల్లెటూళ్లో ఒక కుటుంబానికి పెంపకానికిచ్చారు. తల్లి అప్పుడప్పుడు వెళ్లి చూసి వచ్చేది. తనెవరో చెప్పేది కాదు. పెళ్లంటూ చేసుకుంటే మరొకరిని చేసుకోకూడదని వాళ్లిద్దరూ అనుకున్నారంటారు. కానీ 1901లో మోంటెసానో మరొకరిని పెళ్లి చేసుకున్నారు. ఆ ఏడాదే మరియా ఆ సంస్థను వదిలి వెళ్లిపోయింది.

ప్రపంచంలో పిల్లలందరి గురించి ఆలోచించిన మనిషి తన బిడ్డను పెంచుకోలేకపోయింది. దీన్ని తప్పనేవాళ్లూ ఉన్నారు, నిస్సహాయత అనేవాళ్లూ ఉన్నారు. మనం తీర్పు చెప్పడం తేలిక. కానీ అదే బిడ్డకు తండ్రి అయిన మనిషి ఉద్యోగానికి గానీ, పేరుకి గానీ ఏ నష్టమూ రాలేదని కూడా గుర్తుంచుకోవాలి. ఒకటి పట్టుకోవాలంటే ఒకటి వదులుకోవాలి. ఆడవాళ్లకి ఆ వదులుకునేది ఎప్పుడూ కాస్త పెద్దదే అవుతుంది.

ముప్ఫై ఏళ్లు దాటాక మళ్లీ విద్యార్థిని

ఆ దెబ్బ తర్వాత ఆమె ఏం చేసిందనుకుంటున్నారు? మళ్లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థినిగా చేరింది! ముప్ఫై ఒక్కేళ్ల వయసులో, డాక్టరుగా పేరు వచ్చాక, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, మానవశాస్త్రం, విద్య గురించి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. మామూలు బళ్లకి వెళ్లి పిల్లల్ని గమనించింది. కదలకుండా బల్లలకి అతుక్కుపోయి కూర్చున్న పిల్లల్ని చూస్తే, గుండుసూదితో గుచ్చి అట్టకి అంటించిన సీతాకోకచిలుకల్లా అనిపించారట ఆమెకి. 1904 నుంచి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం మీద పాఠాలు చెప్పింది.

అప్పటికి బంధువులు ఏమనుకుని ఉంటారు? ఇంజనీరు కాదు, డాక్టరూ సరిగా కాదు, ఇప్పుడిదేదో కొత్త పిచ్చి అనే కదా! అన్ని దారులూ ఒకచోటికే వస్తున్నాయని బయటివాళ్లకి కనబడలేదు. బహుశా ఆవిడకే అప్పటికి తెలిసి ఉండదు.

మురికివాడలో ఒక గది

రోమ్‌లో సాన్ లొరెంజో అనే పేదల వాడ ఉంది. కూలిపని చేసుకునేవాళ్ల కోసం ఒక సంస్థ అక్కడి పాడుబడ్డ భవనాలను బాగుచేసి అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతే, బడి వయసు రాని పిల్లలు మెట్ల మీదా వరండాల్లోనూ తిరుగుతూ కొత్తగా వేసిన సున్నం గోడలు పాడుచేసేవారు. గోడలు బాగుండాలంటే పిల్లల్ని ఒకచోట కూర్చోబెట్టాలి. యజమానుల ఆలోచన అంతే! ఆ పనికి ఎవరైనా ఉన్నారా అని చూస్తే మరియా పేరు వినబడింది.

విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డాక్టరు, మురికివాడలో పసిపిల్లల్ని కాపలా కాసే పనికి ఒప్పుకుంది. 1907 జనవరి 6న మొదటి బాలల గృహం తెరిచారు. యాభై అరవై మంది పిల్లలు. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు. చిరిగిన బట్టలు, ఏడుపు మొహాలు. దగ్గరుండి చూసుకోవడానికి టీచరు శిక్షణ లేని ఒక యువతి. అంతే సరంజామా.

ఇక్కడే ఒక రోజు మూడేళ్ల పాప ఒకతె కొయ్య దిమ్మె ముందు కూర్చుంది. ఆ దిమ్మెలో వరసగా చిన్నా పెద్దా గుంటలుంటాయి. ఏ గుంటలో పట్టే కొయ్య బిళ్లని ఆ గుంటలో అమర్చాలి. పాప అమర్చింది, తీసింది, కలిపేసింది, మళ్లీ అమర్చింది. మరియా లెక్కపెట్టడం మొదలెట్టింది. మిగతా పిల్లలందరి చేతా పాటలు పాడించింది. పాప తల ఎత్తలేదు. కూర్చున్న కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టింది. పాప దిమ్మెను ఒళ్లో పెట్టుకుని పని కొనసాగించింది. నలభై సార్లకు పైగా అలా చేసి, చివరికి తనంతట తానే ఆపి, నిద్ర లేచినట్టు చుట్టూ చూసి నవ్వింది. ఎవరూ ఆపమనలేదు, ఎవరూ చెయ్యమనలేదు.

పించో పార్కులో ఎర్ర కాగితం పట్టుకున్న పాప గుర్తొచ్చిందా మీకు?

పిల్లలకి ఏకాగ్రత ఉండదు, ఒక్క నిమిషం దేని మీదా నిలవరు అని లోకమంతా అనుకునే రోజులవి. ఈవిడ చూసింది దానికి తలకిందులుగా ఉంది. ఎవరో మంచి ఖరీదైన బొమ్మలు తెచ్చిస్తే పిల్లలు వాటిని పెద్దగా పట్టించుకోలేదు. చేతులకీ బుద్ధికీ సరిపడే పని దొరికినప్పుడు మాత్రం గంటల తరబడి కదల్లేదు. అంటే విసుగు పిల్లల గుణం కాదు. పనికీ పిల్లకీ పొంతన కుదరకపోతే వచ్చేది విసుగు. కుదిరిందా, విసుగన్న మాటే ఉండదు.

ఆ తర్వాత ఆ బడిలో ఒక్కొక్కటే బయటపడ్డాయి. పిల్లల ఎత్తుకి తగ్గ బల్లలూ కుర్చీలూ వచ్చాయి. వస్తువులు పిల్లలే తీసుకుని పిల్లలే పెట్టుకునేలా అందే ఎత్తులో అలమారాలు వచ్చాయి. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేలితో తడమడం నేర్పారు. మనం అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టి దిద్దిస్తామే, కాస్త అలాంటిదే! కొన్ని నెలలకే నాలుగైదేళ్ల పిల్లలు సుద్దముక్క దొరికితే చాలు నేల మీదా గోడల మీదా రాసేయడం మొదలెట్టారు. గోడలు పాడవకూడదనే కదా బడి పెట్టింది!

ఇప్పుడు లెక్క చూడండి. కొలతలతో చేసిన ఆ కొయ్య వస్తువుల వెనక సాంకేతిక విద్య ఉంది. మందు ఇచ్చే ముందు రోగిని గమనించినట్టు, నేర్పే ముందు పిల్లను గమనించడంలో డాక్టరు ఉంది. చేతికి పనిస్తే బుద్ధి మేలుకుంటుందన్నది పిచ్చాసుపత్రి గదుల్లో దొరికింది. ఆవిడ వదిలేసిందనుకున్న చదువుల్లో ఒక్కటి కూడా నిజానికి ఆవిడని వదల్లేదు.

ఈసారి విసుగెత్తింది లోకానికి

1909లో ఆమె తన పద్ధతి మీద పుస్తకం రాసింది. అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. ఆ మరుసటి ఏడాది ప్రాంతంలో డాక్టరు ప్రాక్టీసూ, విశ్వవిద్యాలయం ఉద్యోగమూ వదిలేసింది. నెలనెలా వచ్చే జీతం లేకుండా, టీచర్లకి శిక్షణ ఇచ్చుకుంటూ పుస్తకాల మీద బతకాలని నిర్ణయించుకుంది. టీచరు మాత్రం కానన్న పిల్ల, నలభయ్యో ఏట టీచర్లకే టీచరు అయ్యింది! 1912లో తల్లి పోయింది. ఆ తర్వాత, పదిహేనేళ్లవాడైన మారియో తల్లి దగ్గరికి వచ్చేశాడు. అప్పటి నుంచి ఆవిడ పోయేదాకా ఆమె చెయ్యి వదల్లేదు. లోకానికి మాత్రం చాలా ఏళ్లు మేనల్లుడనో, పెంపుడు కొడుకనో చెప్పుకోవలసి వచ్చింది.

అమెరికా ఆమెను నెత్తిన పెట్టుకుంది. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గది కట్టి, పిల్లలు పని చేసుకుంటుంటే జనం బయటి నుంచి చూసేలా ఏర్పాటు చేశారు. జనం విరగబడి చూశారు. కానీ నాలుగైదేళ్లు తిరక్కుండానే అక్కడి పండితులు తప్పులు పట్టారు, జనం మర్చిపోయారు. ఈసారి విసుగెత్తింది ఆవిడకి కాదు, లోకానికి!

సొంత దేశంలోనూ సుఖం లేదు. 1924లో ముస్సోలినీ ఆమె బళ్లకి అండగా నిలిస్తే ఆమె ఆ సాయం తీసుకుంది. ఆ నిర్ణయానికి విమర్శలూ వచ్చాయి. పిల్లలని చిన్న సైనికుల్లా తయారుచేయాలన్న ఆ ప్రభుత్వంతో ఎంతో కాలం పొసగలేదు. 1934లో ఇటలీలో ఆమె బళ్లు మూతపడ్డాయి. స్పెయిన్‌లో ఉంటే 1936లో అక్కడ అంతర్యుద్ధం వచ్చింది. హాలెండు చేరింది. అరవయ్యారేళ్ల వయసులో పెట్టె పట్టుకుని మళ్లీ మొదటి నుంచి మొదలు.

అయినా ఈసారి ఆవిడ దారి మార్చలేదు. అదీ గమనించవలసిన సంగతి. ముప్ఫై ఏడేళ్ల లోపు ఇన్ని మార్చిన మనిషి, ఆ తర్వాత నలభై అయిదేళ్లు ఎన్ని దెబ్బలు తగిలినా ఒక్క పని మీదే ఉంది.

అడయారులో డెబ్భయ్యో పుట్టినరోజు

1939లో దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం మీద ఆమె, మారియో మద్రాసు వచ్చారు. అడయారులో తాటాకు పాకల్లో శిక్షణ మొదలైంది. దేశం నలుమూలల నుంచీ దాదాపు మూడొందల మంది వచ్చి చేరారు. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే కొడుకు ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాడు. కొద్దికాలం ఉండి వెళ్లిపోదామని వచ్చినవాళ్లు యుద్ధం వల్ల చిక్కుపడిపోయారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్ ప్రభుత్వానికి వీళ్లు శత్రుదేశస్థులయ్యారు. మారియోని అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఆవిడని అడయారు దాటి వెళ్లకూడదన్నారు.

ఆ ఆగస్టు 31న ఆమెకి డెబ్భై ఏళ్లు నిండాయి. ఆ రోజు ప్రభుత్వం నుంచి ఆమెకి ఒక తంతి అందింది. పుట్టినరోజు కానుకగా ఆమె కొడుకును విడిచిపెడుతున్నామని దాని సారాంశం. మేనల్లుడని కాదు, పెంపుడు కొడుకని కాదు, కొడుకని! నలభై రెండేళ్లుగా బయటికి చెప్పుకోలేని మాటని పరాయి ప్రభుత్వం కాగితం మీద రాసి పంపింది. ఆ తల్లి గుండె ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో మనసున్న ఏ ఆడదానికైనా వేరే చెప్పక్కర్లేదు.

యుద్ధకాలంలో కొడైకెనాల్‌లో ఉండి పెద్ద తరగతుల పిల్లల చదువు మీద పనిచేసింది. 1946లో యూరప్ వెళ్లి, మరుసటేడు మళ్లీ వచ్చి, 1949లో చివరిసారిగా మన దేశం విడిచి వెళ్లింది. ఇక్కడ ఆమె దగ్గర శిక్షణ పొందినవాళ్లు వెయ్యికి పైమాటే. ఆవిడ పేరుతో మన రాష్ట్రంలోనూ ఎన్నో బళ్లు వెలిశాయి. విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు 1955లో ప్రారంభించిన మాంటిసోరి విద్యాసంస్థ వాటిలో పేరెన్నికగన్నది. అయితే ఆ పేరు మీద ఎవరికీ హక్కులేదు గనక, బోర్డు ఉన్న ప్రతిచోటా ఆ పద్ధతి ఉంటుందనుకోకూడదు. పిల్లని చేర్పించేముందు లోపల పిల్లల చేతుల్లో ఏముందో ఒకసారి తొంగిచూడండి.

1949 నుంచి వరసగా మూడేళ్లు నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదనకు వచ్చింది గానీ బహుమతి రాలేదు. 1952 మే 6న, ఎనభై ఒక్కేళ్ల వయసులో, హాలెండులో సముద్రపు ఒడ్డున నూర్డ్‌వైక్ అనే ఊళ్లో కన్నుమూసింది. ఆఖరి గడియల్లో కూడా ఆఫ్రికా వెళ్లి శిక్షణ మొదలుపెట్టే విషయమే కొడుకుతో మాట్లాడుతోందని చెబుతారు. ఆమెను దూరం పెట్టిన ఇటలీయే 1990లో వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ వేసుకుంది. యూరో వచ్చేదాకా ఆ నోటు చెల్లింది.

మరి మన అమ్మాయి సంగతి?

ఇదంతా చదివి, దారులు మార్చినవాళ్లంతా మాంటిసోరిలు అయిపోతారనుకుంటే పొరపాటే. ఆవిడ మార్పుల్లో రెండు సంగతులున్నాయి. ఒకటి, కష్టంగా ఉందని ఆవిడ దేన్నీ సగంలో వదల్లేదు. సాంకేతిక విద్య అయినా, వైద్యం అయినా చదువు పూర్తి చేసి, పట్టా చేతికొచ్చాకే పక్క గుమ్మం తొక్కింది. శవాల గది నుంచి పారిపోవాలనిపించిన రోజు కూడా తిరిగి వెళ్లింది. కష్టం వచ్చిందని వదిలేయడం వేరు, చూడవలసింది చూసేశాక ముందుకు కదలడం వేరు. మన పిల్ల వదిలేస్తున్నప్పుడు ఆ రెంటిలో ఏదో కాస్త నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి. కోప్పడితే చెప్పదు.

రెండోది, ఆవిడ వదిలేసిన వాటిని పారేయలేదు, వెంట తీసుకెళ్లింది. మీ అమ్మాయి వీణ మానేసి బొమ్మలు, బొమ్మలు మానేసి లెక్కలు అంటుంటే, వీటన్నిటిలో కలిసి వస్తున్నది ఏమిటో చూడండి. ఒక్కరే చేసుకునే పనులా? చేతులతో చేసేవా? నలుగురికి నేర్పేవా? ఏ పని చేస్తున్నప్పుడు అన్నానికి పిలిచినా వినబడదో, అక్కడ ఒక గుర్తు పెట్టుకోండి. పించో పార్కులో పాపకి ఎర్ర కాగితం దొరికింది. మన పిల్లకి దాని రంగేమిటో మనకి ముందే తెలియదు, దానికీ తెలియదు. వెతకడానికి కాస్త వ్యవధి ఇవ్వడమొక్కటే పెద్దవాళ్ల చేతిలో ఉన్నది.

అందాకా మూలనున్న ఆ వీణని మాత్రం ఎవరికీ ఇచ్చేయకండి!